బిగుసుకున్న ఇల్లు

ఆ ఆదివారం పొద్దున లిఫ్టు మెకానిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేసి, భార్యతో కలిసి కాఫీ తాగి, ఇద్దరూ బజారుకు వెళ్ళి ముందుగదికి కొత్త కర్టెన్లు తెచ్చుకోవాలి. అంతే. బయట ముసురు పట్టి ఉంది. రెండు రోజులుగా ఆకాశం గిన్నెలు కడిగిన నీళ్ళ రంగులో వేలాడుతోంది. వాళ్ళ కాపురం నాలుగో అంతస్తులో. ఊళ్ళో సగం లిఫ్టులు అతని చలవ వల్లే ఎక్కుతూ దిగుతూ ఉంటాయి గానీ, అతనుండే ఇంటికి మాత్రం లిఫ్టు లేదు.

మొహం కడుక్కుందామని సబ్బు పెట్టె మూత తీశాడు. సబ్బు పక్కన భార్య ఉంగరం కనిపించింది.

పెళ్ళిలో అతను తొడిగిన ఉంగరం. అది ఆవిడ వేలు దిగడం ఇన్నేళ్ళలో అతను చూడలేదు. పురిటి నొప్పుల్లో కూడా నర్సు తీయమంటే ఆవిడ తీయనివ్వలేదు. అలాంటిది ఇప్పుడు సబ్బు జిగురులో పడి ఉంది. మెకానిక్ గుండెలో రాయి పడింది.

ఆ రాయి పడటానికి చోటు మూడు నెలలుగా సిద్ధమవుతూనే ఉంది. ఆవిడ పొద్దున లేచి మంచం అంచున కూర్చుంటే, రాని బస్సు కోసం చూస్తున్న మనిషిలా అలాగే కూర్చుంటోంది. పలకరిస్తే పొడి మాట. కాఫీ కప్పు అతని ముందు పెట్టడం లేదు, పడేస్తోంది. రెండు కప్పులు అలాగే పగిలాయి. అతని చొక్కా చేతి బొత్తాలు పెట్టే అలవాటు మానేసింది. మొన్న రోడ్డు దాటుతూ చెయ్యి పట్టుకోబోతే చురుక్కుమన్నట్టు వెనక్కి లాక్కుంది. తలుపు బయట నిలబడి విని, ఏ లిఫ్టు ఎక్కడ మూలుగుతోందో చెప్పగలడని అతనికి పేరు. సొంతింట్లో మూలుగు మాత్రం అతనికి అంతుపట్టలేదు.

ఉంగరాన్ని గుప్పిట్లో పెట్టుకుని బయటికొచ్చాడు. వంటగదిలో భార్య ఫోన్లో మాట్లాడుతోంది. ఆవిడ తపాలా ఆఫీసులో కౌంటరు గుమస్తా. అవతల ఉన్నది ఆఫీసులో పక్క సీటు స్నేహితురాలని గొంతును బట్టి తెలుస్తోంది.

"లేచీ లేవగానే మొదలు. పది దాటితే గానీ నెమ్మదించదు... లేదు, ఆయనకి చెప్పలేదు. ఏమని చెప్పను? ఇన్నాళ్ళూ ఓర్చుకున్నాను, ఇంకో నెల చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే ఏదో ఒకటి తేల్చేసుకోవాలి."

మెకానిక్ చప్పుడు కాకుండా వెనక్కి వెళ్ళి, ఉంగరాన్ని సబ్బు పక్కనే మళ్ళీ పెట్టేశాడు. అడగలేదు. అడిగితే చెప్పేస్తుందేమోనని భయం వేసింది.

కాసేపాగి బజారు మాటెత్తాడు.

"ఇవాళ వద్దులెండి. నాకు ఓపిక లేదు" అంది ఆవిడ.

ఓపిక అనే మాటకు తెలుగులో రెండు అర్థాలున్నాయి. మెకానిక్ తనకు ఎక్కువ నొప్పి కలిగించే అర్థాన్నే తీసుకున్నాడు.

ఆ రోజు నుంచి కాపురాన్ని నిలబెట్టుకునే పనిలో పడ్డాడు. మాటలతో బతిమాలుకోవడం అతనికి రాదు, పానా పట్టుకోవడం వచ్చు. ఇంట్లో ఏళ్ళ తరబడి ఆవిడ చెబుతూ వచ్చిన రిపేర్లన్నీ ఒక్క వారంలో పూర్తిచేశాడు. కారే కుళాయిలన్నీ బిగించాడు. సరిగా మూసుకోని తలుపులకు, వేయగానే పడిపోయి పిడి తిప్పితే వచ్చే కొత్త గడియలు వేశాడు. వదులుగా ఆడే పిడులన్నిటికీ మరలు తిప్పాడు. పప్పు డబ్బాల మూతలు కూడా వదల్లేదు, గాలి దూరకుండా ఒక్కొక్కటీ బలమంతా పెట్టి బిగించాడు.

శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆవిడ వంటగది కుళాయి ముందు నిలబడి ఏడుస్తోంది.

"ఇది మీరు బిగించారా?"

"అవును. ఇక జన్మలో కారదు" అన్నాడు మెకానిక్ కాస్త ఆశగా.

ఆవిడ అతని వంక అదోలా చూసింది. ఏమీ అనకుండా పక్కింటికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చుకుంది. తన చేత్తో బాగుచేసిన కుళాయిని కూడా ముట్టుకోనంత దూరం వెళ్ళిపోయిందన్నమాట అనుకున్నాడు.

మర్నాడు ఆఖరి ప్రయత్నంగా ఒక కానుక తెచ్చాడు. ఇనప మూకుడు. దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా బరువైనది, మూడు తరాలు వాడుకోవచ్చని దుకాణదారు హామీ ఇచ్చాడు. ఆవిడ దాన్ని రెండు చేతులతో అందుకుంది, అందుకున్నట్టే నేలకు వదిలేసింది. నేల మీది పలక జానెడు మేర చిట్లింది. కింది అంతస్తు వాళ్ళు కర్రతో కప్పును పొడిచారు.

"క్షమించండి" అంది ఆవిడ నీళ్ళు నిండిన కళ్ళతో.

క్షమించమన్నది దేనికో అతనికి అర్థమైపోయింది. వరండాలోకి వెళ్ళి అక్కకు ఫోన్ చేశాడు.

మెకానిక్ అక్కను చుట్టాలందరూ జడ్జిగారంటారు. ఆవిడ ఏనాడూ కోర్టు మెట్లెక్కలేదు. కాపురాల్లో తగాదాలు తీర్చడంలో దిట్ట. ఆవిడ రాజీ కుదిర్చిన జంటల్లో కొందరు ఇప్పటికీ కలిసే ఉన్నారు. ఫోన్ పెట్టేసిన మరుక్షణమే పెట్టె సర్దుకుంది. రెండో పక్షం కూడా ఉంటేనే న్యాయమని, మరదలి తమ్ముణ్ణి కూడా రమ్మని కబురు చేసింది.

ఆదివారం మళ్ళీ ముసురే. జడ్జిగారు ప్రతి అంతస్తులోనూ ఆగి, మోకాళ్ళు పట్టుకుని, ఆ మెట్లు కట్టిన వాణ్ణి తలుచుకుంటూ పైకొచ్చింది. ఆవిడ మోకాళ్ళు మెట్టు మెట్టుకూ టకటకమంటాయి. వెనకాలే బావమరిది వచ్చాడు. డ్రైవింగ్ నేర్పే మనిషి. ఒక కాలికి బూటు, రెండో కాలికి చెప్పు. చెప్పు కాలి బొటనవేలు ఎర్రగా ఉబ్బి ఉంది. రాత్రి పడుకునేటప్పుడు బాగానే ఉందనీ, తెల్లారేసరికి దుప్పటి తగిలినా ప్రాణం పోతోందనీ, బూటు బిగుతై ఉంటుందనీ చెప్పాడు.

అందరూ ముందుగదిలో కూర్చున్నారు. పాత కర్టెన్ల మధ్య నుంచి బూడిదరంగు వెలుతురు పడుతోంది. మెకానిక్ భార్య ఒళ్ళో చేతులు దాచుకుని అందరినీ మార్చి మార్చి చూసింది.

"చూడమ్మాయ్" మొదలుపెట్టింది జడ్జిగారు. "ఇది ఎన్నాళ్ళుగా?"

"నాకేం తెలుసు వదినా? ఆయన నోరు విప్పి చెబితేగా. నేనూ ఎదురుచూస్తున్నాను."

"విన్నావురా తమ్ముడూ? నీ నోటితో చెప్పాలిట."

"చెప్పెయ్యండి బావా" అన్నాడు బావమరిది కాలు కుర్చీ మీద పెట్టుకుంటూ. "దాచి ఏం లాభం?"

మెకానిక్ తల దించుకున్నాడు.

"ఆయన్ని నిలదీయకండి" అంది భార్య. "ఉన్నన్నాళ్ళూ ప్రశాంతంగా ఉండనివ్వండి. నేనేం గొడవ చేయను."

ఉన్నన్నాళ్ళు అంటే ఎన్నాళ్ళో అడిగే ధైర్యం జడ్జిగారికి కూడా లేకపోయింది. మెకానిక్ భార్య చటుక్కున లేచి స్నానాల గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. కొత్త గడియ ఖణేల్మని పడింది. లోపల ఆవిడ కుళాయితో పెనుగులాడుతున్న చప్పుడు, తర్వాత నీళ్ళ చప్పుడు, తర్వాత ఏమీ లేదు.

చాలాసేపు ఏమీ లేదు.

జడ్జిగారు కుంటుకుంటూ వెళ్ళి తలుపు తట్టింది. "అమ్మాయ్, బయటికి రా. కూర్చుని మాట్లాడుకుందాం."

"రావట్లేదు" అంది లోపలి గొంతు.

"అదేంటి, ఎందుకు రావట్లేదు?"

"ఏమో వదినా. ఎంత ప్రయత్నించినా రావట్లేదు. ఇందాకణ్ణుంచీ అదే చూస్తున్నాను."

జడ్జిగారు వెనక్కి తిరిగి తమ్ముడితో, "మనసు విరిగిపోయిందిరా. రావడానికి ప్రయత్నిస్తోందిట, మనసొప్పట్లేదు" అని గుసగుసగా తేల్చింది. "ఏం తప్పులు చేశావో ఒప్పుకో. ఇప్పుడు ఒప్పుకోకపోతే ఇంకెప్పుడూ అక్కర్లేదు."

మెకానిక్ తలుపుకు నుదురు ఆనించాడు. ఎన్నడూ ఎవరికీ క్షమాపణ చెప్పిన మనిషి కాదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక దగ్గర్లో ఉన్నదానితో మొదలుపెట్టాడు.

"మీ తమ్ముడు మనింటికొచ్చిన ప్రతిసారీ లిఫ్టు పాడైందని వెళ్ళేవాణ్ణి కదా. అవన్నీ పాడవలేదు."

బయట బావమరిది నెమ్మదిగా అడిగాడు: "అన్నీ కాదంటే, ఎన్ని పాడయ్యాయి బావా?"

"ఒకటి."

"ఆ మిగతా రోజుల్లో ఎక్కడికెళ్ళేవారు?"

"లిఫ్టు మిషను గదిలో పడుకునేవాణ్ణి."

జడ్జిగారు బావమరిదిని కళ్ళతోనే ఆపి, కానివ్వమన్నట్టు తమ్ముడి వీపు తట్టింది. మెకానిక్ మళ్ళీ తలుపు వైపు తిరిగాడు.

"నీకు ప్రమోషను మీద బదిలీ వచ్చినప్పుడు, వెళ్ళనా అని అడిగావు. నీ ఇష్టం అన్నాను. అలా అంటే నువ్వు వెళ్ళవని నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఆ పెద్ద కుర్చీలో నువ్వు కూర్చోవాల్సింది. నేనే కూర్చోనివ్వలేదు. అప్పట్నుంచీ ఆ కౌంటరులోనే ముద్రలు వేసుకుంటూ ఉండిపోయావు."

లోపల ఊపిరి చప్పుడు వినబడింది. తర్వాత చాలా చిన్న గొంతుతో ఆవిడ అంది: "అది తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఏదో ఒకటి చెయ్యండి. నావల్ల కావట్లేదు."

ఆ మాటతో బావమరిదికి కంగారు పుట్టింది. "అక్కా, తొందరపడకు" అంటూ ఒక అడుగు వెనక్కి వేసి తలుపును కాలితో తన్నాడు. కంగారులో ఏ కాలో చూసుకోలేదు. తలుపు కదల్లేదు. అతను నోరు తెరిచాడు గానీ అరుపు రాలేదు. గోడ పట్టుకుని మెల్లగా జారి నేల మీద కూర్చుని, కాలిని ఎవరో పరాయి మనిషిని చూసినట్టు చూస్తూ ఉండిపోయాడు. అతన్ని లేపబోయి వంగిన జడ్జిగారు మోకాళ్ళు పట్టేసి అతని పక్కనే కూలబడింది.

ఆ నిశ్శబ్దంలో మెకానిక్ చెవికి ఒక చప్పుడు అందింది. లోపల గడియ పిడి వెంట్రుకవాసి తిరుగుతోంది, ఆగుతోంది. మళ్ళీ తిరుగుతోంది, ఆగుతోంది. అది మొండిగా కూర్చున్న మనిషి చప్పుడు కాదు. బలం చాలని చేతి చప్పుడు. ఇంటి తలుపును అతను లిఫ్టు తలుపులా విన్నది అదే మొదటిసారి.

పరుగున స్క్రూడ్రైవర్ తెచ్చి గడియ మరలు బయట నుంచి విప్పేశాడు. ఎంత బలంగా బిగించాడో విప్పేటప్పుడు అతనికే చెమటలు పట్టాయి.

ఆవిడ తడి తువ్వాలులో రెండు చేతులూ చుట్టుకుని నిలబడి ఉంది. మెకానిక్ తువ్వాలు విప్పాడు. వేళ్ళ మొదళ్ళలో కణుపులు ఉబ్బి నిగనిగలాడుతున్నాయి. ఎడమ చెయ్యి ఎలా ఉందో కుడి చెయ్యీ అలాగే ఉంది. కుడి చేతి రెండు వేళ్ళు చిటికెన వేలి వైపు కొద్దిగా ఒరిగి ఉన్నాయి.

"రానని ఎందుకన్నావు?" అన్నాడు.

"నేనెప్పుడన్నాను? గడియ రావట్లేదన్నాను."

"ఉంగరం?"

"వేలు వాచింది. సబ్బు రాసి అతికష్టం మీద తీశాను. ఇంకొన్నాళ్ళాగితే కోయించాల్సి వచ్చేది." ఆవిడ అతని మొహంలోకి చూసింది. "నా సంగతికేంలెండి. మీకు ఎన్నాళ్ళంటున్నారు?"

"నాకా?"

"ఏళ్ళుగా చెప్పినా వినని మనిషి ఒక్క వారంలో కుళాయిలన్నీ బాగుచేశారు. మూకుడు కొన్నారు. వదిన పెట్టెతో దిగింది, తమ్ముడొచ్చాడు. మీకేదో పెద్ద జబ్బే వచ్చిందనుకున్నాను. అలాంటప్పుడు నా వేళ్ళ నొప్పి ఏం చెప్పను? అంతకుముందు చెప్పకపోవడానికి వేరే కారణం ఉంది. ఆఫీసులో తెలిస్తే కౌంటరు మీద నుంచి తీసేస్తారని."

నేల మీద కూర్చున్న జడ్జిగారు కేసు చేజారిపోతోందని గ్రహించి వెంటనే వైద్యంలోకి దిగింది. "ఇంతేనా? కీళ్ళ నొప్పులే కదా. నాకు లేవూ? రోజంతా నిలబడితే సాయంత్రానికి మోకాళ్ళు పగిలిపోతాయి, పడుకుంటే తగ్గిపోతుంది. విశ్రాంతి తీసుకో, అదే పోతుంది."

"విశ్రాంతి తీసుకుంటేనే ఎక్కువవుతోంది వదినా. రాత్రంతా పడుకుని లేస్తే వేళ్ళు కొయ్యల్లా ఉంటున్నాయి. పని చేస్తూ ఉంటే పదింటికి కాస్త మెత్తబడతాయి."

"అయితే నీకు నాదే అక్కా, బూట్లు" అన్నాడు బావమరిది నొప్పితో మతి చలించి.

మర్నాడు నలుగురూ కీళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. వెళ్ళాల్సింది ఇద్దరే. జడ్జిగారు తోడు రావాలంది, బావమరిదికి నడవడం కష్టమైంది. గుమ్మంలోంచి ఇద్దరు కుంటుతూ మూలుగుతూ, వాళ్ళకు ఆసరాగా మెకానిక్ రొప్పుతూ వస్తుంటే డాక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుంది.

"మీలో పేషెంటు ఎవరండీ?"

"మా ఆవిడ" అన్నాడు మెకానిక్. కుంటకుండా, మూలగకుండా నిశ్శబ్దంగా వచ్చి కూర్చున్నది ఆవిడొక్కతే.

డాక్టరమ్మ ఆవిడ వేళ్ళను ఒక్కో కణుపూ మెత్తగా నొక్కి చూసింది. పొద్దున ఎంతసేపు బిగుసుకుని ఉంటాయని అడిగింది, మణికట్లు చూసింది, పాదాలు చూసింది. ఎక్స్‌రే ఫిల్ము తీయించింది, రక్తం తీయించింది. జడ్జిగారు మధ్యలోనే తన మోకాలు బల్ల మీద పెట్టేసింది. బావమరిది మొహమాటపడుతూ చెప్పు విప్పాడు.

ఫలితాలొచ్చాక డాక్టరమ్మ నలుగురినీ కూర్చోబెట్టి చెప్పింది. "మీరందరూ దీన్ని కీళ్ళ నొప్పులే అంటున్నారు. ఇవి మూడు వేరు వేరు జబ్బులు. పెద్దావిడది అరుగుదల. ఎముకల మధ్య మెత్తగా ఉండే పొర అరిగిపోయింది. వాడేకొద్దీ నొప్పి, కూర్చుంటే ఉపశమనం. బరువు తగ్గాలి, తొడ కండలకి వ్యాయామం చెయ్యాలి. ఈయనది గౌట్. రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగి, స్ఫటికాల్లా మారి కీలులో చేరింది. అందుకే అలా ఉన్నట్టుండి విరుచుకుపడింది. బూట్ల తప్పేం లేదు. ఆ కాలితో తలుపులు తన్నకూడదు."

తర్వాత మెకానిక్ భార్య వైపు తిరిగింది. గొంతు తగ్గించింది.

"మీది రుమటాయిడ్ అమ్మా. ఇది వయసుతో వచ్చే అరుగుదల కాదు, తిండితో వచ్చిందీ కాదు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పొరపాటుపడి సొంత కీళ్ళ మీదికి దండెత్తుతుంది. అందుకే రెండు చేతులకీ ఒకేలా వచ్చింది, అందుకే పొద్దున అంతసేపు బిగుసుకుపోతున్నాయి. పూర్తిగా పోయే జబ్బు కాదు. మందులతో అదుపులో పెట్టొచ్చు, చాలామంది మామూలుగా పనులు చేసుకుంటున్నారు. కాకపోతే మందులు పని మొదలుపెట్టడానికి కొన్ని వారాలు పడుతుంది. అప్పుడప్పుడూ రక్త పరీక్షలు తప్పవు."

"ఈ ఒరిగిన వేళ్ళు?" అన్నాడు మెకానిక్.

డాక్టరమ్మ ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టింది. "అక్కడ కొంత నష్టం జరిగిపోయింది. అది వెనక్కి రాదు. మిగతావాటిని కాపాడుకుందాం. మొదట్లోనే వచ్చుంటే బాగుండేది."

ఆ మొదటి రోజుల్లో తను ఏం చేస్తున్నాడో మెకానిక్ గుర్తుచేసుకున్నాడు. భార్యకు తన మీద ఎందుకింత కోపమా అని ఆలోచిస్తున్నాడు. జబ్బు ఆవిడది. దిగులు మాత్రం మొత్తం తన గురించే పడ్డాడు.

ఇంటికొచ్చి కుళాయిలకు పొడవు పిడులు వేశాడు. గడియలన్నీ వేలితో తోస్తే జరిగేలా మార్చాడు. మూతలన్నీ వదులు చేశాడు, పప్పుకు పురుగు పట్టింది. పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళు తొట్టిలో పోసి ఆవిడ చేతులు అందులో పెట్టించేవాడు. తన చొక్కా బొత్తాలు తనే పెట్టుకుని, తర్వాత ఆవిడ జాకెట్టు హుక్కులు పెట్టడం నేర్చుకున్నాడు. మొదట్లో ఒక హుక్కు ఎప్పుడూ మిగిలిపోయేది. ఆవిడ కొన్ని రోజులు అతని చేతుల మీద ఏడ్చింది, ఒకటి రెండు సార్లు నవ్వింది. మందులు మెల్లగా అందుకున్నాయి. పొద్దుటి బిగుతు పదింటి నుంచి తొమ్మిదికీ, తర్వాత ఎనిమిదిన్నరకీ దిగింది. ఒరిగిన రెండు వేళ్ళు ఒరిగినట్టే ఉన్నాయి.

అంతలో తపాలా ఆఫీసు లిఫ్టు పాడైంది. నిజంగానే పాడైంది. బాగుచేయడానికి వెళ్ళిన మెకానిక్‌ను పోస్టుమాస్టరు మర్యాదగా కుర్చీ వేసి కూర్చోబెట్టి, మీ ఆవిడ ఈమధ్య కాస్త నలతగా కనిపిస్తున్నారేం అని అడిగాడు. ఈ జబ్బు గురించి ఎవరికీ తెలియదని, తెలియకపోవడం వల్లే తామంతా ఇంత నష్టపోయామని మెకానిక్‌కు గట్టి అభిప్రాయం ఏర్పడి ఉంది. అందుకని రక్షణ వ్యవస్థ దగ్గర మొదలుపెట్టి, కణుపుల మీదుగా, ముద్ర కొడితే మణికట్టుకు ఎంత దెబ్బో వరకూ పూసగుచ్చినట్టు చెప్పాడు. పోస్టుమాస్టరు చాలా శ్రద్ధగా విన్నాడు. చెయ్యగలిగింది చేస్తానని మాటిచ్చాడు. మెకానిక్ తృప్తిగా ఇంటికొచ్చాడు.

రెండ్రోజుల తర్వాత ఆవిడ పొద్దున లేచి మంచం అంచున కూర్చుంది. తొమ్మిదైనా లేవలేదు. పలకరిస్తే పలకలేదు. మెకానిక్ ఈసారి క్షణం ఆలస్యం చెయ్యలేదు. గోరువెచ్చటి నీళ్ళు తెచ్చాడు, ఆవిడ చేతులు ముంచాడు. ఒక్కో కణుపూ డాక్టరమ్మ నొక్కినట్టే నొక్కి చూశాడు. వాపు లేదు. నీళ్ళు మార్చాడు. అక్కకు ఫోన్ చేసి, జబ్బు తిరగబెట్టినట్టుందని చెప్పాడు. బావమరిదికీ చెప్పాడు. డాక్టరమ్మ దగ్గర టైము తీసుకుని, చెప్పులు వేసుకుని, భార్య చెప్పులు కూడా తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టాడు.

"లే. రక్త పరీక్ష చేయించి వద్దాం. ఎక్కడ నొప్పి?"

"నొప్పేం లేదు" అంది ఆవిడ, చేతులు నీళ్ళలోంచి తీసి నెమ్మదిగా తుడుచుకుంటూ. "నిన్న నన్ను కౌంటరులోంచి తీసేశారు. వెనక గదిలో, పాత సంచుల పక్కన బల్ల వేశారు. మీవారు అన్నీ వివరంగా చెప్పారమ్మా, అదృష్టవంతులు మీరు అని పోస్టుమాస్టరుగారు అన్నారు. ఆ బదిలీ సంగతి తర్వాత మాట్లాడుకుందామన్నాను కదా. ఇప్పుడు మాట్లాడుకుందాం, కూర్చోండి."

మెకానిక్ చెప్పులు విప్పి కూర్చున్నాడు. ఈసారి నిర్ధారణకు రక్త పరీక్ష అవసరం పడలేదు.